ఖాళీ మనసుతో ఎవరూ వెళ్ళరు

“వెళ్ళే ముందు ఏమీ చదవొద్దు. ఖాళీ మనసుతో దిగితేనే దేశం కొత్తగా కనిపిస్తుంది” అనే సలహా ఈమధ్య తరచూ వినపడుతోంది. చిన్న దేశమైతే మరీను. నాలుగు రోజుల సముద్రతీరానికి చదువెందుకంటారు. ఈ మాట తప్పు.

పడమటి ఆఫ్రికాలోని గాంబియానే తీసుకుందాం. ఒక నదికి అటూ ఇటూ పరుచుకున్న సన్నటి నేల, ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా చిన్నది. మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు అట్లాంటిక్. అక్కడికి యూరపు నుంచి వచ్చేవాడి మనసులో టూరు కంపెనీ అచ్చేసిన ఎండా ఇసుకా ఉంటాయి. తెలుగువాడి మనసులో ‘ఏడు తరాలు’ ఉంటుంది. అలెక్స్ హేలీ 1976 నాటి ‘రూట్స్’ను సహవాసి క్లుప్తంగా తెలుగు చేశాక, గాంబియా నుంచి బానిసగా ఎత్తుకుపోయిన అందులోని కుంటా కింటే మనింటి పిల్లాడయ్యాడు. నేనూ అది చదివి ఏడ్చినవాణ్ణే. కానీ కుంటా కింటే ఊరు జుఫూరేలో హేలీకి వంశకథ చెప్పిన మనిషి సాక్ష్యాన్ని నమ్మలేమని చరిత్రకారుడు డొనాల్డ్ రైట్ 1981లోనే వాదించాడు. బానిస వ్యాపారం నిజం, ఆ వంశవృక్షం మాత్రం సందేహం. ఇది తెలియనివాడు ఆ ఊళ్ళో ఊరిని చూడడు, నవలను వెతుక్కుంటాడు.

జుఫూరేకి ఎదురుగా, నది మధ్యలో కుంటా కింటే దీవి. కూలిన కోట, తుప్పు ఫిరంగులు. మనుషుల్ని ఓడలకెక్కించిన వ్యాపారానికి కాపలా కాసిన కోట అది. నది సముద్రంలో కలిసే చోటికి వస్తే, రాజధాని బంజుల్‌లో ఆరు ఫిరంగుల స్థావరం, ఆవలి ఒడ్డున బర్రాలో ఫోర్ట్ బులెన్. అక్కడా పాత ఫిరంగులే. అయితే ఇవి 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక, బానిసల ఓడలను అడ్డుకోవడానికి పెట్టినవి. నిన్న అమ్మిన రాజ్యమే నేడు ఆపింది. ముందే తెలిస్తే ఆశ్చర్యం పోతుందట! తెలియనివాడికి మూడు చోట్లా కనిపించేది ఒకే పాత ఇనుము. ఒళ్ళు జలదరించేది తెలిసినవాడికే.

ఇక మనుషులు. గాంబియాలో ఏళ్ళ తరబడి గోళీలతో ఓటేశారు. అభ్యర్థికొక డ్రమ్ము, లోపల గంట. గోళీ పడితే ఒక్కసారి మోగాలి, రెండోసారి మోగిందంటే దొంగ ఓటే. 1994లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన యాహ్యా జమ్మే 2016 డిసెంబరులో ఆ గోళీల చేతిలో ఓడిపోయాడు. ఓటమి ఒప్పుకుని, వారంలో మాట మార్చి, పొరుగు దేశాల సైన్యం సరిహద్దు దాటాక గానీ కదల్లేదు. తర్వాత అతని పాలనలోని అకృత్యాలపై వేసిన సత్యశోధన కమిషన్ ముందు బాధితులూ, చంపినవాళ్ళూ చెప్పిన మాటలను జనం ప్రత్యక్ష ప్రసారంలో విన్నారు. హోటల్లో మనకు టీ అందించే నడివయసు మనిషి ఆ ఇరవై రెండేళ్ళూ బతికినవాడు. అతని చేత అదంతా చెప్పించమని కాదు. ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియడానికైనా చదవాలి.

చేపలు పట్టేవాళ్ళ ఊరు గుంజూర్ తీరంలో గాలి మళ్ళి కంపు కొడితే ఖాళీ మనసువాడు ముక్కు మూసుకుని ఇంకో బీచి చూసుకుంటాడు. ఊరివాళ్ళు తినే బోంగా చేపను అక్కడి కర్మాగారం పొడి చేసి విదేశాలకు మేతగా పంపుతోందనీ, దాని మీద ఊళ్ళో గొడవ జరిగిందనీ చదివినవాడు అక్కడే నిలబడతాడు. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళకు ముందు సలాం చెప్పి, ఇవాళ బోంగా ఎంతకు దొరుకుతోందని అడుగుతాడు.