పెంకు దించేముందు ఒక్క మాట

(గ్రామీణ విలేకరి)

అమలాపురం: సంక్రాంతి వెళ్లి ఎండలు ముదిరేసరికి కోనసీమలో ఇళ్ల కప్పులు విప్పే పని మొదలవుతుంది. తొలకరి పడేలోగా పని పూర్తి కావాలి. ఒకప్పుడు ఈ రోజుల్లో ఊరూరా జరిగేది పెంకు నేత. పగిలిన పెంకులు తీసి, మంచివి సర్ది, చెదపట్టిన వాసాన్ని మార్చి, మళ్లీ కప్పేవారు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. పెంకు మొత్తం దింపేసి, గోడలు పడగొట్టి స్లాబు పోస్తున్నారు. అంత స్తోమత లేనివారు ఇనుప గొట్టాలు నిలబెట్టి రేకులు బిగిస్తున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఏ వీధి మొగలో నిలబడి చూసినా పెంకు, స్లాబు, రేకు మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఎవరి ఇంటి కప్పు వారిష్టం. కాదనేవారెవరూ లేరు. కాని ఆ ఇష్టం చాలాచోట్ల సొంత ఇంటి అవసరం చూసి కాక, పక్కింటి డాబా చూసి పుడుతోంది. పెళ్లిచూపులకు వచ్చినవారు ముందుగా తలెత్తి కప్పు వంక చూస్తారన్న భయం ఒకటి. గల్ఫుకు వెళ్లి కష్టపడి పంపిన సొమ్ము నలుగురికీ కనపడాలన్న కోరిక మరొకటి. ఈ తొందరలో ఈ నేల, ఈ నీరు, ఈ గాలి ఏ కప్పును నిలవనిస్తాయన్న ప్రశ్న ఎవరూ వేసుకోవడం లేదు. ఇది విచారించవలసిన విషయం.

మట్టి ఇచ్చిన కప్పు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన సీమ ఇది. ఎంత తవ్వినా మట్టీ, ఇసుకే తప్ప రాయి తగలదు. ఇంటి పునాదికి రాయి కావాలన్నా ఎగువ నుంచి రావలసిందే. అందుచేత ఇక్కడివారు మట్టినే కాల్చి కప్పు చేసుకున్నారు. కుమ్మరి సారె మీద చేసిన కూనపెంకు పాతది. తర్వాత వచ్చింది బంగాళా పెంకు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో ఆ రకం పెంకు మన దేశంలో మొదలై, తీరం వెంబడి ఊళ్లన్నిటికీ పాకింది. ఒక పెంకు గాడిలో ఇంకొక పెంకు అంచు కూర్చునేలా చేయడమే అందులోని తెలివి. వంద చదరపు అడుగుల కప్పుకు నూట నలభై, నూట యాభై పెంకులు సరిపోతాయి.

రాయినే పలకలుగా చీల్చి ఇంటిపై కప్పే దేశాలూ ఉన్నాయి. బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో దొరికే పలకరాయి నూరేళ్లు దాటినా చెక్కుచెదరదని పేరు. ఆ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఇల్లు బాగుచేయించుకునేవారికి పలకా, పెంకా అన్నది ఇప్పటికీ పెద్ద చర్చే. మనకూ మార్కాపురంలో పలకరాయి ఉంది. అది కోనసీమ పిల్లల చేతికి బడి పలకగా వచ్చింది గాని ఇంటి మీదికి రాలేదు. కర్నూలు, పల్నాడు వైపు నాపరాయి దొరుకుతుంది గనుక అక్కడ నాపరాళ్లతో కప్పులు వేసుకున్నారు. ఎక్కడైనా కాళ్లకింద ఉన్నదే తల మీదికి చేరింది. దూరం నుంచి తెచ్చిన వస్తువుతో కప్పు వేయకూడదని కాదు. తెచ్చిన వస్తువు ఈ నేలకు, ఈ గాలికి పడుతుందో లేదో చూసుకోవాలి.

పెంకుటింటి కష్టాలు

పెంకుటింటిని పొగిడేవారిలో ఎక్కువమంది అందులో కాపురం చేయనివారే. మండువా లోగిలి చూసి ముచ్చటపడి ఫోటో తీసుకుని పోయే పట్నవాసి, శ్రావణమాసం అర్ధరాత్రి కారే చోటల్లా గిన్నెలు పెట్టే ఇల్లాలిని ఒక్క మాట అడగడు. మండువా చుట్టూ లోపలి వాలులు కలిసే మూలల్లోనే నీరు ఎక్కువగా దిగుతుంది. పెరట్లో కొబ్బరిచెట్టు ఇంటి మీదికి వాలితే రాలిన ప్రతి కాయా పెంకుకు గండమే. కోతుల మంద ఒక్కసారి కప్పు మీదుగా పోయిందంటే ఒక వారం కూలి ఖర్చు. వాసాలకు చెద, అటక మీద ఎలుకలు, వాటి వెంట పాములు. అన్నిటినీ మించిన కష్టం మనిషి దొరక్కపోవడం. వాలు చూసి, తాడు పట్టి, వరస తప్పకుండా పెంకు నేసే పనివారు ఊరికి ఒకరిద్దరు మిగిలితే గొప్ప. వారి పిల్లలు ఆ పని నేర్చుకోలేదు.

అన్నదమ్ముల పంపకాలు ఇంకొక చిక్కు. నాలుగిళ్ల లోగిలిలో ఒకరు తమ వాటా పడగొట్టి స్లాబు పోస్తారు. మిగిలినవారు పెంకులోనే ఉంటారు. స్లాబు మీద పడిన నీరంతా వచ్చి పెంకు వాలు కోసిన చోట దిగుతుంది. గోడ నానుతుంది. రెండేళ్లలో మిగిలిన కప్పూ కుంగుతుంది. కప్పు కింద మొదలైన తగాదా చివరికి కోర్టుకెక్కుతుంది. పంపకాల కాగితం రాసుకునేటప్పుడే నీరు ఎటు పోవాలో రాసుకుంటే ఈ బాధ ఉండదు.

స్లాబుకు ఉప్పు ముప్పు

ఈ కష్టాలన్నీ స్లాబుతో తీరుతాయన్నది జనం నమ్మకం. కొంతవరకు నిజమే. స్లాబు గాలికి లేవదు, నిప్పుకు మండదు, కోతికి లొంగదు. ఏటా వేసవిలో తాటాకు పాకలు తగలబడి కట్టుబట్టలతో మిగిలిన కుటుంబాలకు స్లాబు ఇల్లు గొప్పకోసం కాదు, ప్రాణంకోసం. ఆ మాట మరచి పేదవాడికి పెంకు గొప్పతనం బోధించడం న్యాయం కాదు.

అయితే సముద్రతీరాన స్లాబుకు ఒక శత్రువు ఉంది. అది ఉప్పు. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. ఆ నీటితోనే కాంక్రీటు కలిపి, ఆ నీటితోనే తడుపుతున్నారు. ఉప్పు కాంక్రీటులోని ఇనుమును తినేస్తుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కింది పెచ్చును తోసేస్తుంది. ఇరవై ఏళ్లయినా నిండని స్లాబుల కింద ఎర్రటి చారలు, రాలిన పెచ్చులు, బయటపడిన కడ్డీలు కనిపించడానికి కారణం ఇదే. పెంకు పగిలితే ఆ ఒక్క పెంకే మార్చుకుంటారు. స్లాబు చెడితే మొత్తం చెడినట్టే. ఊయలలో పసిబిడ్డ పడుకున్న చోట పెచ్చు ఊడిపడితే ఆ నష్టానికి లెక్క ఉండదు.

దీనికి మందు లేకపోలేదు. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. తీరపు గాలికి నేరుగా గురయ్యే చోట ఇనుము మీద కనీసం 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు ఉండాలనీ చెబుతున్నాయి. ఊళ్లలో జరుగుతున్నది చూస్తే కడ్డీ కింద ఒక చిన్న చిప్స్ రాయి పెట్టి పోసేస్తున్నారు. స్లాబు పోసే రోజున మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టడం మరచిపోని యజమాని, నీటిని ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపడం మాత్రం మరచిపోతున్నాడు. బోరు నీరు పనికిరాదని తేలితే కాలువ నీరో, ట్యాంకరు నీరో తెప్పించుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు.

రేకు చౌకే గాని

మూడోది రేకు. చౌక, త్వరగా పని అవుతుంది. అందుకే పెంకు దించిన ఇళ్లలో చాలా వాటికి సిమెంటు రేకు పడుతోంది. ఈ రేకుల్లో చాలావరకు ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలుపుతారు. ఆ నార ఏ రకమైనా క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 నాటికి దాన్ని నిషేధించాయి. మన దేశంలో తవ్వకం ఆపారు గాని దిగుమతి, రేకుల తయారీ సాగుతున్నాయి. కదలకుండా ఉన్న రేకుతో ముప్పు తక్కువ. కోసినప్పుడు, బెజ్జం వేసినప్పుడు, కొబ్బరికాయ పడి పగిలినప్పుడు లేచే దుమ్ములోనే ప్రమాదం ఉంది. మూతికి గుడ్డ అయినా కట్టుకోకుండా రేకు కోసే కూలికి ఈ సంగతి చెప్పే నాథుడు లేడు. పగిలిన ముక్కలను దారి గోతుల్లో పోసి తొక్కిస్తున్నారు. ఇది మరీ ప్రమాదకరం. ఇనుప రేకుకు ఆ దోషం లేకపోయినా ఉప్పుగాలికి తుప్పు తప్పదు. ఇక వేసవి మధ్యాహ్నం ఏ రేకు కింద మనిషి కూర్చోగలడో కూర్చున్నవారికే తెలియాలి.

తుఫాను చెప్పిన పాఠం

కోనసీమలో కప్పుకు అసలు పరీక్ష పెట్టేది తుఫానే. 1996 నవంబరు 6 రాత్రిని ఇక్కడ ఎవరూ మరువలేదు. గోడలు కూలి, చెట్లు విరిగిపడి, వేటకు వెళ్లిన పడవలు తిరిగిరాక, మొత్తం మీద వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. ఆ రాత్రి పెంకులు విస్తరాకుల్లా ఎగిరాయని చూసినవారు ఇప్పటికీ చెబుతారు. ఊళ్లలో స్లాబు మోజు పెరగడానికి ఆ రాత్రి ఒక కారణం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను వసిష్ఠకు అవతలి గట్టున నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఆ భయం మళ్లీ మేలుకుంది.

ఆ భయం అర్థంలేనిది కాదు. కాని గాలి పెంకును ఎలా లేపుతుందో తెలిస్తే ఉపాయమూ తెలుస్తుంది. గాలి కప్పును కిందికి నొక్కేకన్నా పైకి పీల్చడమే ఎక్కువ. అంచుల్లో, మూలల్లో, వెన్ను దగ్గర ఆ పీల్పు గట్టిగా ఉంటుంది. పెంకు ముందుగా లేచేది అక్కడే. చూరు దగ్గర, మూలల్లో, వెన్ను మీద పెంకులను తీగతో బిగించి సున్నమో సిమెంటో పట్టిస్తే చాలా పెంకు నిలుస్తుంది. రెండు వాలుల ఇంటికన్నా నాలుగు వాలుల ఇల్లు గాలికి బాగా ఓర్చుకుంటుంది. చూరు అడుగున్నర దాటకూడదు. వీధి అరుగు మీది కప్పును ఇంటి కప్పుతో ఏకంగా కలపకుండా విడిగా కట్టాలి. అరుగు కప్పు లేచినా ఇల్లు మిగులుతుంది. వాసాలు గోడ మీద ఊరికే ఆనించి ఉంటే లాభం లేదు. ఇనుప పట్టీతో దూలానికీ గోడకూ కట్టాలి. తాతల నాటి పనివారికి ఇందులో చాలావరకు తెలుసు. ఇప్పుడు చెప్పేవారు లేక పోతోంది.

నడిమి దారి

ఇంతకీ ఏది మంచిది? గోడలు గట్టిగా ఉండి, దూలాలు మంచి టేకో, చేవ తాటో అయిన ఇంటికి పెంకు దించడం దండగ. చెడిన వాసాలు మార్చి, పై జాగ్రత్తలతో తిరిగి నేయించుకుంటే మరో తరానికి ఢోకా ఉండదు. స్లాబుకు అయ్యే ఖర్చులో కొంత భాగంతోనే ఆ ఇంటి వెనుక ఒక గది మాత్రం మంచినీటితో, తగిన మందంతో స్లాబు వేసుకోవాలి. తుఫాను రాత్రి ఇంటిల్లిపాదీ తలదాచుకోవడానికి, ధాన్యం, కాగితాలు భద్రపరచుకోవడానికి ఆ గది చాలు. ఏడాదిలో మిగిలిన రోజులు పెంకు నీడలో చల్లగా గడుస్తాయి. గోడలే కుంగిన ఇంటివారు, పాకల్లో ఉన్నవారు స్లాబే పోసుకోవాలి. కాని నీటి పరీక్ష లేకుండా పోయకూడదు. సిమెంటు రేకును మాత్రం కాపురముండే గదిపై వేయకపోవడమే మేలు.

అధికారులు చేయవలసిందీ కొంత ఉంది. 2011 జనాభా లెక్కల్లో చేతి పెంకును, మిషను పెంకును విడదీసి రాశారు. పక్కా ఇల్లు ఏదని తేల్చేటప్పుడు చేతి పెంకు కింద ఉన్నవారిది కచ్చా ఇల్లే అన్నారు. కాగితం మీద ఒక మాట మనిషి మనసులో పెంకును ఎంత చిన్నచేస్తుందో చెప్పనక్కరలేదు. గృహనిర్మాణ శాఖవారు స్లాబు నమూనాతోపాటు తుఫానుకు నిలిచే పెంకుటింటి నమూనాను కూడా మండల కార్యాలయాల్లో పెట్టాలి. ఐటీఐల్లో తాపీపనితోపాటు పెంకు నేతను కూడా నేర్పించాలి. స్లాబు బిల్లు మంజూరు చేసేముందు నీటి పరీక్ష కాగితం అడగాలి. 2022లో కోనసీమకు సొంత జిల్లా వచ్చింది. అమలాపురంలోనే కలెక్టరు కార్యాలయం ఉంది. ఇంత చిన్న పనికి కాకినాడ దాకా పోనక్కరలేదు.

దింపిన పెంకు మళ్లీ కప్పెక్కదు. వాసాలు పాతసామాను దుకాణాలకు చేరిపోతాయి. తర్వాత చింతించి లాభం లేదు. మేస్త్రీకి బయానా ఇచ్చేముందు ఇంటి యజమాని నిచ్చెన వేసుకుని ఒక్కసారి తన కప్పు మీదికెక్కి దూలాలు తట్టి చూసుకోవాలి. బావి నీరు నోట్లో పోసుకుని చూసుకోవాలి. పక్కింటి డాబా వంక చూడడం ఆ తర్వాత.