పులి ఎన్ని మేకలను దూకవచ్చును?

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడుతో పాటు తెలుగు మాట కూడా వినవచ్చును. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువుకై వలస వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ అనేకం. మగ్గం పనితో పాటు పండుగలను, పలుకుబళ్ళను, ఆటలను కూడా వారు వెంట తెచ్చుకొన్నారు.

అక్కడి ఒక అరుగును ఊహించుకొనండి. సుద్దముక్కతో పులిజూదం పటం గీసి ఉన్నది. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. తాత పులి ఒక మేకను దూకి అవతలి ఖాళీ స్థానంలో వాలినది. ఆ ప్రక్కనే మరొక మేక, దాని వెనుక మరొక ఖాళీ. తాత ఆగక రెండవదానిని కూడా దూకించి, రెండు గింజలను తీసినాడు.

"తాతా, ఒక్కపారి ఒక్క మేకనే గదా!" అన్నాడు మనుమడు.

"మా ఊర్ల గిట్లనే ఆడుతరు బిడ్డా" అన్నాడు తాత.

ఇప్పుడు తీర్పు చెప్పువారెవరు? ఈ ఆటకు నియమ గ్రంథం లేదు. నోటి మాటగా ఒక తరం నుండి మరొక తరానికి వచ్చినది. ఎన్ని మేకలు చచ్చిన పులి గెలిచినట్లు అనుటలోనే ఊరికొక లెక్క ఉన్నది. నేపాలులోని బాఘ్‌చాల్ ఆటలో పులులు 4, మేకలు 20. అయిదు మేకలు పోయినచో ఆట ముగియును. ఊరు మారిన నియమం మారును. నాలుగు ఊళ్ళవారు ఒక్క వాడలో చేరినచో తగవు తప్పదు.

నియమాలు అచ్చు వేసినంత మాత్రాన సందేహం తీరదు. 1974లో అమెరికాలో వెలువడిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటలో ఆటగాళ్ళు వీరుల పాత్రలు ధరించి కల్పిత యుద్ధాలు చేయుదురు. ఏ ఆయుధం ఎప్పుడు తగులునో పుస్తకంలో వ్రాసి ఉన్నను, సంశయం కలిగినప్పుడు ఆట నడుపువాని మాటయే తీర్పు. 1924లో పారిస్‌లో స్థాపితమైన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య కూడా తన నియమావళి పీఠికలో, నియమాలు సమస్త సందర్భాలను ముందుగా ఊహింపజాలవనియు, స్పష్టత లేనిచోట పోలిన సందర్భాలను పరిశీలించి నిర్ణయించవలెననియు ఒప్పుకొన్నది.

అర్థనిర్ణయం మన పూర్వులకు కొత్త కాదు. వాక్యానికి సందేహం కలిగినప్పుడు దాని ప్రయోజనమేమని మీమాంసకులు విచారించిరి. సామాన్య నియమం కంటె విశేష నియమం బలీయమని శాస్త్రకారులు స్థిరపరచిరి. ఆ దృష్టితో పులిజూదాన్ని చూడండి. మేకకు దూకే శక్తి లేదు. వెనుక ఖాళీ లేకుండా ఒకదానికొకటి అండగా నిలుచుటయే దాని బలం. ఒక మేక పోగానే సందును పూడ్చుకొనుటకు మేకలవానికి ఒక ఎత్తు దొరకవలెను. పులి వరుసగా దూకుచు పోయినచో ఆ అవకాశమే పోవును. ఒక్క పొరపాటుతో ఆట తీరిపోవును. కనుక వేరు ఒప్పందం లేనిచోట ఒక ఎత్తుకు ఒక మేక అనుటయే ఆట స్వభావానికి తగిన అర్థం.

అయితే తాత అబద్ధమాడినాడని అనరాదు. ఆయన చిన్ననాటి ఊరిలో అదే ఆచారమై ఉండవచ్చును. ఊరు విడిచి వచ్చినవానికి ఆ ఊరి నియమం కూడా ఒక ఆస్తియే. దానిని కొట్టివేయుట సులభం కాదు. కావలసినదల్లా గింజలు పెట్టకముందే ఏ ఊరి పద్ధతియో చెప్పుకొనుట. ఆ మాట మరచినచో మిగిలిన పరీక్ష ఒక్కటే: పక్షాలు మారినప్పుడు కూడా అదే తీర్పు మనకు సమ్మతమగునా?

మన మనుమడు శాస్త్రం చదువలేదు.

"సరే తాతా, మల్ల ఆటల పులులు నాయి. అప్పుడు నేను గూడ రెండు దూకుత" అన్నాడు.

తాత కొంచెంసేపు పటం వైపు చూసి, ఒక చింతగింజను తిరిగి దాని స్థానంలో పెట్టినాడు.