కార్డులో లేని ఆడవాళ్లు

"పేదలందరికీ వైద్యం ఉచితమే కదమ్మా, ఇంకా మీ బాధేమిటి?" ఈమధ్య ఒక సమావేశంలో ఒక అధికారి నన్నడిగిన ప్రశ్న ఇది. ఆరోగ్యశ్రీ ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మూడు జిల్లాల్లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. ఎందరో పేదల గుండె ఆపరేషన్లకు అది అక్కరకొచ్చింది, కాదనను.

కానీ ఆ 10 లక్షలు ఎవరివి? మనిషివి కావు, కుటుంబానివి. తెల్లకార్డులో పేరుంటేనే పేదరాలి కింద లెక్క అన్న పద్ధతిలోనే పథకం మొదలైంది. మరి కుటుంబమే బయటికి నెట్టేసిన ఆడదాని సంగతి?

నాలుగేళ్ల కిందట మా దగ్గరికి ఒకామె వచ్చింది. గర్భసంచిలో గడ్డ. నెలలో సగం రోజులు రక్తస్రావమే. పెళ్లి కాగానే పుట్టింటి కార్డులోంచి పేరు తీయించారు. అత్తింటి కార్డులో ఎక్కించకముందే మొగుడు వదిలేశాడు. ఆసుపత్రిలో కార్డేదన్నారు. "నేను ఏ ఇంటిదాన్నని చెప్పాలె అక్కా?" అందామె. ముందు బిల్లు కట్టి, తర్వాత ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోమని సలహా ఇచ్చారు. కట్టడానికి డబ్బే ఉంటే అర్జీ ఎందుకు? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయించుకుంది. ఆ అప్పు ఇంకా తీరలేదు. కొత్త కార్డులు 2025లో ఇచ్చారు, మంచిదే. గడ్డ అప్పటిదాకా ఆగుతుందా? 2024లో ఫ్యామిలీ డిజిటల్ కార్డు అన్నారు. పేరు మారినా అదీ కుటుంబం కార్డే!

ఒంటరి మహిళలకు పింఛను 2017లో వచ్చింది. అంటే ఆమె ఒంటరిదనీ పేదదనీ తేల్చే కాగితం తహసీల్దారు ఆఫీసులోనే తయారవుతుంది. పింఛనుకి చెల్లిన కాగితం ఆసుపత్రిలో ఎందుకు చెల్లకూడదు?

కార్డున్న వాళ్లూ నిశ్చింతగా లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరిన వాళ్లకి, అదీ జాబితాలో ఉన్న చికిత్సలకి. మంచం పట్టేదాకా ఆడదాని జబ్బు జబ్బే కాదన్న మాట మనం ఇళ్లలో వింటూనే పెరిగాం. ఇప్పుడు పథకం కూడా అదే అంటోంది.

ఒంటరి మహిళ పింఛను కాగితం చూపిస్తే చాలు, ఆరోగ్యశ్రీ వర్తించాలని అడుగుతున్నాం. ఏ కార్డులోనూ పేరు లేని ఆడవాళ్ల జాబితా రాసుకుని వచ్చే సోమవారం ప్రజావాణికి వెళ్తున్నాం. మీ మండలాల జాబితాలూ పంపండి.