ఫ్రాంక్లిన్ ఇంటి సంగతో?

సంపాదకులకు,

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌పై గత సంచికలో వచ్చిన వ్యాసం, ఆయన కొడుకు విలియంను తండ్రికి ద్రోహం చేసినవాడని ఒక్క ముక్కలో తేల్చేసింది. అది అన్యాయం. 1763 నుంచి న్యూజెర్సీ గవర్నర్‌గా ఉన్న విలియం, బ్రిటిష్ రాజు పక్షం వీడనందుకు 1776లో నిర్బంధం పాలయ్యాడు. మరుసటి ఏడాది భార్య ఎలిజబెత్ చావుబతుకుల్లో ఉంటే చూసి రావడానికి కూడా వదల్లేదు. 1785లో సౌతాంప్టన్‌లో తండ్రీకొడుకులు కలిసినప్పుడు పెద్దాయన చేసిందేమిటి? పాత బాకీల లెక్క తీసి, న్యూజెర్సీలోని కొడుకు భూమిని మనవడు టెంపుల్ పేర రాయించాడు. పైగా ఈ మనవడు విలియం కొడుకే! ఇక ఫ్రాంక్లిన్ భార్య డెబొరా. 1764లో లండన్ వెళ్లిన భర్త కోసం పదేళ్లు ఎదురుచూసి, 1774లో కన్నుమూసిందా ఇల్లాలు. గాలిపటం ప్రయోగానికి అంత చోటిచ్చిన వ్యాసకర్త ఆమె ఊసే ఎత్తలేదు.

– ఒక పాఠకుడు, గుంటూరు