చెడిన ఫిలిము చెప్పు సాక్ష్యము

మన యూర కొందరు విద్యార్థులు పాత కెమెరాలను పెట్టెలనుండి వెలికిదీసి, నలుపు తెలుపు ఫిలిమును ఇంటనే కడుగ నారంభించిరి. ఇది సంతోషింపదగిన విషయము. కాని ఫిలిము చెడినప్పుడు వారు చేయు పని మాకు సంతోషము గూర్చుట లేదు. ఒకరు కోయిలకుంట్ల యెండను నిందింతురు. ఒకరు నీటిని నిందింతురు. మరియొకరు మందు నమ్మిన యంగడివానిని నిందింతురు. పిమ్మట ఆ చుట్టను చెత్తకుప్పపై పారవైతురు. చెడిన ఫిలిము సాక్షి వంటిదనియు, సాక్షిని విచారింపక తీర్పు చెప్పరాదనియు మా యభిప్రాయము.

ఈ మాట మా యనుభవము వలననే చెప్పుచున్నాము. ఒక వేసవిలో మా యవ్వ వసారాలో కూర్చుండి విస్తరులు కుట్టుచుండగా ఫొటోలు తీసితిమి. నాటి రాత్రి ఫిలిమును కడిగి చూడగా, అది పాలు పూసినట్లు తెల్లగా మసకబారి యుండెను. నిరాశతో పారవేయబోవుచుండగా, పూర్వము స్టూడియో నడపిన పెద్దాయన యొకరు దానిని దీపమున కెదురుగ బట్టి చూచి, “బొమ్మ యాడికీ పోలేదు నాయనా, నీ హైపో చచ్చింది. కొత్తది కలిపి మళ్లా ముంచు” అనిరి. ముంచితిమి. పది నిమిషములలో పాలు విరిగి, అవ్వ ముఖము తేటపడెను. ఆ యేటి వానకాలముననే యామె గతించెను. నేడు మా గోడ మీద నున్న ఫొటో అదియే. అయితే అదే చుట్టలో రెండు బొమ్మలు, ఫిలిము ఫిలిమున కంటుకొని డెవలపరు తగులనందున, శాశ్వతముగ పోయినవి. ఏ దోషము కుదురునో, ఏది కుదరదో తెలియక పారవేసి యుండినచో అన్నియు పోయెడివి.

డెవలపరు వలన నల్లబడని వెండి లవణములు ఫిలిముపై మిగిలియుండును. వానిని కరిగించుటయే హైపో పని. ఈ గుణమును జాన్ హెర్షెల్ 1819లో కనుగొని, 1839లో ఛాయాగ్రహణమునకు వినియోగించెను. హైపో బలము తగ్గినచో ఆ లవణములు కరగక మసకగా నిలుచును. దానికి మందు మరల క్రొత్త హైపోయే.

విచారణలో మొదటి ప్రశ్న యిది: దోషము బొమ్మ చట్రములోనే నిలిచినదా, అంచు రంధ్రముల వరకు ప్రాకినదా? చట్రములోనే నిలిచిన నల్లని మరక సాధారణముగ కటకము, షట్టరు వైపున పుట్టినది. అంచులకు ప్రాకినచో, కెమెరా వెనుక మూత సందునుండియో, రీలుకు చుట్టునప్పుడో, ట్యాంకునందో వెలుగు సోకినదని తెలియవలెను.

రెండవది, తయారించినవారు ఫిలిము అంచున ముద్రించిన అక్షరములను చూడవలెను. అక్షరములు నల్లగా నుండి బొమ్మ పలుచనైనచో, ఫొటో తీయునప్పుడు వెలుగు చాలలేదు. రెండును పలుచనైనచో, డెవలపరు పాతబడెను, లేదా కాలము చాలలేదు. అక్షరములు చక్కగా నుండి బొమ్మలే లేకున్నచో, ఫిలిము కెమెరాలో ముందుకు జరిగి యుండదు. అక్షరములును లేక యంతయు అద్దమువలె నున్నచో, డెవలపరు పని చేయలేదు, లేదా హైపోనే ముందు పోసితిరి.

మూడవది, మచ్చ యాకారము. గుండ్రని తేట చుక్కలు గాలిబుడగల గుర్తులు; మందు పోసిన వెంటనే ట్యాంకును మెల్లగ తట్టిన నవి తొలగును. నెలవంక వంటి గుర్తు రీలుకు చుట్టునప్పుడు ఫిలిము మడతపడినదని చెప్పును. తెల్లని ఉప్పు చారలు మన బోరునీటివి; ఫిలిమును మరల నానబెట్టి, బ్యాటరీలకు పోయు డిస్టిల్డ్ వాటరుతో కడపటి కడుగు కడిగిన చాలును.

ఇక యెండ మాట. సెల్సియసు 20 డిగ్రీలలో 10 నిమిషములు పట్టు డెవలపింగు 24 డిగ్రీలలో సుమారు 7 నిమిషములలోనే ముగియును. మిద్దెమీది ట్యాంకు నీటితో చేసినచో జెలటిను పొర మెత్తబడును. వేడినీటి నుండి చన్నీటికి హఠాత్తుగ మార్చినచో వలవలె ముడుతలు పడవచ్చును. మన పొడిగాలిలో మట్టికుండ నీరు చక్కగ చల్లబడును. మందు సీసాలను, కడుగు నీటిని ఒకే గంగాళములో నుంచి, థర్మామీటరుతో చూచి, అన్నియు సమానమైన పిమ్మటనే పని మొదలిడవలెను. నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా లాలా దీనదయాళ్ (1844–1905) ఈ దక్కను యెండలలోనే గాజుపలకలపై పని చేసెను. కావున ఎండ నెపము చెల్లదు.

ఒకప్పుడు ఉదకమండలమున ‘ఇందు’ అను పేర మన దేశపు ఫిలిము తయారగుచుండెను. ఆ కర్మాగారము మూతపడినది. ఇప్పుడు విదేశములనుండి వచ్చు చుట్టకు వందల రూపాయలు పెట్టవలెను. అందువలన తలిదండ్రులకు కోపము వచ్చుట సహజమే. అయినను చెడిన ఫిలిము తెచ్చిన బిడ్డను గద్దింపక, “ఇది యెట్లు చెడెను?” అని యడుగుడని మా మనవి. గద్దించినచో మరునాడు వాడు దానిని దాచును, అడిగినచో వెదకును. ఉపాధ్యాయులు పాఠశాల ప్రదర్శనమున మంచి ఫొటోల ప్రక్కనే చెడిన నెగటివులను, వాని కారణములతో గూడ నుంచిన మేలు.

విద్యార్థులారా! ప్రతి చుట్టకును తేదీ, వేడి, నిమిషములు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. తప్పు దిద్దునప్పుడు ఒక్కదానినే మార్చుడు. మూడు మార్చినచో ఏది కుదిర్చినదో తెలియదు. వాడిన హైపోలో వెండి యుండును గాన బావిలోను, చేని కాలువలోను పోయకుడు. ఎన్నటికిని కుదరని ఫిలిమును సైతము పారవేయక, పగటివేళ రీలుకు చుట్టుట నేర్చుకొనుటకై యుంచుకొనుడు. ఆ రెండు బొమ్మలు పోయిన మా ఫిలిము ముక్కతోనే మేము చుట్టుట నేర్చితిమి.