సేవలున్నవి, జాడ చెప్పువారేరి?

ప్రజలకు ఉపకరించు సదుపాయము దేశమున ఉండుట ఒకటి. అది ఎచ్చట నున్నదో, ఎవరిని అడుగవలెనో అవసరపడినవానికి తెలియుట మఱియొకటి. మొదటిదానికై చట్టములు వెలసినవి, ధనము వ్యయమగుచున్నది. రెండవదానిని గుఱించి విచారించువారు అరుదు. తత్ఫలితముగా హక్కు చట్టగ్రంథమునందును, కష్టము సామాన్యుని ఇంటియందును నిలిచిపోవుచున్నవి. బావి కలదని చెప్పి త్రోవ చూపనివాడు దప్పిక తీర్చినవాడు కాడు. ఈ లోపమును విద్య, వాహన బీమా, నేత్రచికిత్స అను మూడు విషయములయందు పరిశీలింతము.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల ప్రతి బిడ్డకును ఉచిత విద్యను హక్కుగా నొసగినది. వయస్సును తెలుపు పత్రము లేదను కారణమున ప్రవేశమును నిరాకరింపరాదు. మైనారిటీ సంస్థలు మినహా ప్రైవేటు పాఠశాలలు ప్రారంభ తరగతిలో నాలుగవ వంతు స్థానములను బీద, బలహీనవర్గముల బిడ్డలకు ఈయవలెను. హక్కునకు భంగము కలిగినచో స్థానిక సంస్థకు వ్రాసికొనవచ్చును. వారు మూడు మాసములలో పరిష్కరింపవలెను. కాని ఇటుకబట్టీ పనికై వలసవచ్చిన తల్లికి ఆ ఫిర్యాదును అందుకొనువారెవరో తెలియునా? పాఠశాల గుమ్మముననే వ్రాసియుంచదగిన ఆ ఒక్క మాట లేకపోవుటచే బిడ్డకు ఒక సంవత్సరము చదువు పోవుచున్నది.

వాహన బీమా సంగతి ఇంతకంటె చిక్కైనది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము బీమా లేని వాహనము రహదారిపై నడువరాదు. ప్రమాదమున గాయపడినవారును, మరణించినవారి కుటుంబమువారును పరిహారమునకై ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. ప్రమాదము జరిగినచోటనే దావా వేయవలెనను నిర్బంధము లేదు. తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలునందే వేయవచ్చును. శ్రీకాకుళము జిల్లానుండి కూలికి పోయినవాడు మహారాష్ట్రమున లారీ క్రింద పడి మరణించినచో, అతని భార్య తన జిల్లాలోనే న్యాయమును కోరవచ్చునన్నమాట. ఇది తెలియకనే ఎందరో దళారుల చేతబడి, రానున్న పరిహారములో వాటా వ్రాసి ఇచ్చుచున్నారు.

తన కారునకు కలిగిన నష్టమును కంపెనీ చెల్లింపనిచో మార్గము వేఱు. మొదట కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. ఒక మాసములో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరము గాకున్నను, బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. రెండు తెలుగు రాష్ట్రములకును, యానామునకును ఆ కార్యాలయము హైదరాబాదునందున్నది. రుసుము లేదు, వకీలు పనిలేదు. వాహనము కొనునాడు ఇంటికి వచ్చి సంతకములు చేయించుకొనువారు ఈ చిరునామాను నోటితో చెప్పుట ఎంతమంది విన్నారు?

ఇట్టి లోపము తీఱనిది కాదని నేత్రచికిత్స నిరూపించినది. 1987లో హైదరాబాదున ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, రోగి నగరమునకు వచ్చువఱకు వేచియుండక తానే గ్రామములకు నడచినది. సుమారు ఏబదివేల జనమునకు ఒకటి చొప్పున దృష్టి కేంద్రములను నెలకొల్పినది. ఆ ప్రాంతపు యువతీయువకులకే ఒక సంవత్సరము శిక్షణమిచ్చి అచ్చట నియమించినది. వారు చత్వారమునకు అద్దములిత్తురు. శుక్లములు, నీటికాసులు కానవచ్చినచో ఏ ఆసుపత్రికి పోవలెనో చెప్పి పంపుదురు. ఇందలి గొప్ప శస్త్రచికిత్స ఒక్కటే కాదు, ఆ చెప్పి పంపుట కూడను. రోగి వెదకుకొనవలసిన పనిలేదు. తెలిసినవాడొకడు ఊరికి దగ్గరనే కూర్చుండియున్నాడు.

విద్యకును, బీమాకును అట్టివాడొకడు ఏల ఉండరాదని మా ప్రశ్న. ఇందులకు క్రొత్త శాఖ అక్కరలేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము, కార్యాలయములు తమ విధులను, అధికారుల వివరములను ఎవరును అడుగకమునుపే స్థానికభాషలో ప్రకటింపవలెనని శాసించుచున్నది. గ్రంథాలయములు మనకు కలవు. 1960 నాటి చట్టము ననుసరించి ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును కూడ ప్రజలు చెల్లించుచున్నారు. గ్రంథాలయమును ప్రజల విద్యాలయముగా నెంచి 1914లోనే సంఘము స్థాపించుకొన్న జాతికి ఇది క్రొత్త పాఠము కాదు. ప్రతి గ్రంథాలయమునందును, పంచాయతీ కార్యాలయమునందును ఒక పట్టిక వ్రేలాడవలెను: పాఠశాల ఫిర్యాదు ఎవరికి, ప్రమాదపు దావా ఎచ్చట, బీమా తగవు ఎవరు తీర్తురు, కంటిపరీక్ష ఎక్కడ. ఏటేట దానిని సరిచూచి, చదువరానివారికి చదివి చెప్పు బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగింపవలెను.

చేతిలో ఫోను ఉండగా ఈ పట్టికలేల యని కొందరు అనవచ్చును. ఫోనులో వెదకినవానికి మొదట కనబడునది తఱచుగా ప్రకటనకు సొమ్ము చెల్లించినవాని పేరు. అర్హుని పేరు కానక్కరలేదు. అదియునుగాక చూపు మందగించిన వృద్ధునితో, కంటివైద్యశాలను ఫోను తెరపై చిన్న అక్షరములలో చదివికొనుమనుట పరిహాసము.

ఇందులకు కావలసినది కొలదిపాటి కాగితము, కొంత శ్రద్ధ. ప్రభుత్వములు కదలువఱకు ఆగక, ప్రతి ఊరి యువకులును, ఉపాధ్యాయులును ఈ వివరములను సేకరించి గోడపై వ్రాయుదురుగాక. తెలియనివాని అజ్ఞానమే దళారికి మూలధనము. ఆ మూలధనమును హరించుట నేడు మన చేతిలోనున్న పని.