డీజిల్ ముల్లును నమ్మి మనిషిని అనుమానించొద్దు

ఈ వారం వీడియోలో ఆవు లేదు, జీవామృతం డ్రమ్ము లేదు. ట్రాక్టర్ మీటర్ బోర్డులో ఉండే డీజిల్ ముల్లు ఉంది. ప్రకృతి వ్యవసాయానికి దీనితో ఏం పని అనుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి. పని ఉంది. మామూలు పని కాదు, ఒక మనిషి పరువుతో ముడిపడిన పని.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మనం కొలిచేవి బాగానే కొలుస్తాం. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అదే ఎకరం దున్నడానికి ఎన్ని లీటర్ల డీజిల్ పోయిందని అడిగితే "ఎంతో కొంత అయితది" అంటాం. మందుల షాపుకు రూపాయి కట్టలేదని గర్వంగా చెప్పుకునే నాలాంటి వాళ్లం పెట్రోల్ బంకులో కట్టేది మాత్రం లెక్కలో రాసుకోం. ఒక లీటర్ డీజిల్ కాలితే సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. నేలలో కర్బనం పెంచుతున్నామని మీటింగుల్లో మాట్లాడేవాళ్లకు ఆ లెక్క తెలియకపోతే ఎట్లా? ఆ లెక్క కోసం ట్రాక్టర్‌లో ఇచ్చిన కొలత ఒక్కటే, ఈ ముల్లు. అదేమో చాలా ట్రాక్టర్లలో దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది.

మా సంగతి చెప్తాను. ఘట్‌కేసర్ వైపు ఐదుగురం రైతులం కలిసి ఒక పాత ట్రాక్టర్ నడుపుకుంటున్నాం. దానికి ఒక డ్రైవర్. యాభై దాటిన మనిషి, నేను బాబాయి అనే పిలుస్తాను. శిశిరంలో ఆకు రాలే రోజుల్లో ట్రాలీ కట్టుకుని హైదరాబాద్ తార్నాకకు పోతాం. అక్కడి అపార్ట్‌మెంట్ల వాళ్లు రాలిన ఆకును బస్తాల్లో నింపి పెడతారు. వాళ్లకు అది చెత్త, మనకు ఆచ్ఛాదన. ప్లాస్టిక్ ఏరుకోవాల్సి వస్తుంది గానీ, రెండు ట్రిప్పుల ఆకుతో కూరగాయల మడులు ఎండాకాలమంతా చల్లగా ఉంటాయి. ట్రాఫిక్ పెరగక ముందే ఉప్పల్ దాటాలి, కాబట్టి ముందురోజు రాత్రే డీజిల్ చూసుకుని పడుకుంటాం.

గొడవ అక్కడే మొదలైంది. రాత్రి ముల్లు సగం దగ్గర ఉంటుంది. తెల్లారి మా భాగస్వాముల్లో ఒక పెద్దాయన వచ్చి చూస్తే పావు చూపిస్తుంది. రెండుసార్లు అట్లా అయ్యేసరికి ఆయన నోట "డీజిల్ ఎటు పోతుంది?" అన్న మాట వచ్చింది. బాబాయి పేరు ఎవరూ ఎత్తలేదు, కానీ అందరి చూపూ అటే పోయింది. ఆయన నా దగ్గరికొచ్చి ఒకటే మాట అన్నాడు. "తమ్మీ, ఇరవై ఏండ్లయింది స్టీరింగు పట్టి. ముందు ఆ ముల్లు సంగతి సూడు, తర్వాత నా సంగతి మాట్లాడున్రి."

ఇది మా ఒక్క ఊరి కథ కాదని మీకూ తెలుసు. ట్యాంకు మూత తాళం, డ్రైవర్ జీతంలో కోత, పని మాన్పించడం, వీటి వెనక చాలాసార్లు ఒక తుప్పు పట్టిన వైరు ఉంటుంది. డీజిల్ దొంగతనాలు అసలు జరగవని నేననడం లేదు. జరిగిందో లేదో తేల్చడానికి ముల్లు సాక్ష్యం చాలదంటున్నాను.

సాక్ష్యం కావాలంటే కర్ర కావాలి. నిటారుగా, ముడుల్లేని సన్నని కర్ర తీసుకోండి. ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు, చదును నేల మీద ట్రాక్టర్ ఆపి, 5 లీటర్ల చొప్పున క్యానుతో కొలిచి పోస్తూ, ప్రతిసారీ కర్ర ముంచి తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత కొట్టండి. ఒక్క పూట పని. వీడియోలో మొత్తం చూపించాం. గీతల మధ్య దూరం ఒకేలా ఉండదు, కంగారు పడొద్దు. ట్యాంకు పైనా కిందా ఒకే వెడల్పు ఉండదు కదా. అందుకే ముల్లు సగంలో ఉన్నంత మాత్రాన లీటర్లు సగం ఉన్నట్టు కాదు. కర్రను ప్రతిసారీ శుభ్రమైన గుడ్డతో తుడిచే ముంచాలి, దుమ్ము పోతే ఫిల్టర్‌కు చేటు.

మేం రాత్రి ఆ పెద్దాయన, బాబాయి ఇద్దరి ముందు కర్ర పెట్టాం. తెల్లారి మళ్లీ ఆ ఇద్దరి ముందే పెట్టాం. తడి అదే గీత దగ్గరుంది. ముల్లు మాత్రం పావుకు పడిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు, బాబాయికి బీడీ ఇచ్చాడు.

ఇక ముల్లు ఎందుకు పడుతోందన్నది మిగిలింది. పట్నంలో ఒక మెకానిక్‌కు చూపిస్తే, బోనెట్ కూడా ఎత్తకుండా "మీటర్ బోర్డు మొత్తం మార్చాలి" అన్నాడు. వేల రూపాయల మాట. మనం తెగులు ఏదో చూడకుండా మందు కొట్టేవాళ్లను తిడతాం. ఇది కూడా అదే పద్ధతి కదా.

ఆ రోజు ఆకు లోడయ్యాక, రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఉస్మానియా క్యాంపస్ రోడ్డు పక్కన చెట్ల నీడలో ట్రాక్టర్ ఆపుకున్నాం. వీడియోలో దూరంగా కనిపించే రాతి భవనం ఆర్ట్స్ కాలేజీ, 1939లో తెరిచింది. మా ఊరి పిల్లాడొకడు అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నాడు. ఫోన్ చేస్తే మల్టీమీటర్ పట్టుకుని వచ్చాడు. తార్నాక నుంచి హబ్సిగూడ దాకా ఆ రోడ్డంతా కొలతలు తీసే సంస్థలే. పోషకాహార సంస్థ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. మధ్యలో మా ట్రాక్టర్ ఒక్కటే కొలత లేకుండా నిలబడింది అని వాడు నవ్వాడు.

పని చేసే తీరు తెలిస్తే పరీక్ష సులువు. ట్యాంకులో ఒక తేలే బుడ్డి ఉంటుంది, దాన్నే ఫ్లోట్ అంటారు. అది డీజిల్‌తో పాటు పైకీ కిందికీ కదులుతూ ఒక చేతిని తిప్పుతుంది. ఆ చెయ్యి ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జారుతుంది. ఆ మార్పును వైరు ద్వారా మీటర్ చదివి ముల్లు కదుపుతుంది. కరెంటు తిరిగి పోవడానికి దారి ట్యాంకు, ఛాసిస్, బ్యాటరీ నెగెటివ్. అదే ఎర్త్. అంటే తప్పు నాలుగు చోట్లలో ఎక్కడో ఉంటుంది: ఫ్లోట్ యూనిట్, వైరు, మీటర్, ఎర్త్.

మొదట ఇంకో ముల్లు చూడండి. డీజిల్ ముల్లుతో పాటు వేడి చూపే ముల్లు కూడా తిక్కగా ఆడుతుంటే, తప్పు మీటర్ బోర్డుకు వచ్చే కరెంటులోనో బోర్డు ఎర్త్‌లోనో ఉండొచ్చు. డీజిల్‌ది ఒక్కటే ఆడుతుంటే ట్యాంకు వైపు వెళ్లండి. మాది రెండో రకం.

తాళం ఆఫ్ చేసి, ట్యాంకు మీద ఫ్లోట్ యూనిట్ నుంచి మీటర్‌కు వెళ్లే వైరు ఊడదీశాం. తాళం ఆన్ చేస్తే ముల్లు ఖాళీకి పడింది. ఆ వైరు కొనను ట్యాంకు మూతకు దూరంగా, ఛాసిస్ మీద శుభ్రంగా గీకిన చోట ఒక్క క్షణం తాకించాం. ముల్లు ఫుల్ దాకా లేచింది. కొన్ని కంపెనీల ట్రాక్టర్లలో ఇది తిరగబడి ఉంటుంది, తాకిస్తే ఖాళీ, ఊడదీస్తే ఫుల్ చూపిస్తుంది. ఏదైనా సరే, ఈ కొస నుంచి ఆ కొసకు ముల్లు వెళ్లిందంటే మీటర్ బాగానే ఉంది, వైరూ బాగానే ఉంది. వేల రూపాయలు మిగిలినట్టే. ఈ పరీక్షకు అరనిమిషం చాలు, ఎక్కువసేపు తాకించి ఉంచకండి.

తర్వాత తాళం ఆఫ్ చేసి మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టాం. ఫ్లోట్ యూనిట్ టెర్మినల్‌కు ఒక కొన, దాని రేకు అంచుకే రెండో కొన. 90 దగ్గర కదలకుండా నిలబడింది. రెండో కొనను అక్కడి నుంచి తీసి బ్యాటరీ నెగెటివ్‌కు పెడితే 150 అంటుంది, 200 అంటుంది, ట్రాక్టర్‌ను చేత్తో ఊపితే మళ్లీ తగ్గుతుంది. దొరికింది. ఫ్లోట్ యూనిట్‌లో ఏ లోపమూ లేదు, దాని నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ దారిలో తుప్పు ఉంది. మా ట్రాక్టర్‌లో రెసిస్టెన్స్ పెరిగితే ముల్లు కిందికి పడుతుంది. రోడ్డు మీద కుదుపుకు ఎర్త్ కాస్త అందినప్పుడు లేస్తుంది, రాత్రంతా కదలకుండా ఉంటే పడిపోతుంది. దానికి తోడు మా షెడ్డు ముందు నేల వాలుగా ఉంది, ట్యాంకులో డీజిల్ ఒక పక్కకు చేరి ఫ్లోట్ ఇంకాస్త దిగుతుంది. దొంగ దొరికినట్టే.

గరుకు కాగితంతో రుద్ది, ఫ్లోట్ యూనిట్ రేకు నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక కొత్త ఎర్త్ వైరు వేసి, పైన వ్యాజలీన్ పూశాం. తార్నాకలోనే ఒక ఎలక్ట్రికల్ షాపులో వైరు, లగ్గులు కొన్నాం. వంద రూపాయలు కూడా కాలేదు.

ఇప్పుడు మన పద్ధతి రైతులకే ప్రత్యేకమైన మాట. ఆ తుప్పు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? వైరు చివర ఆకుపచ్చ పొర చూడగానే నాకు అర్థమైంది. ట్రాక్టర్ వెనక డ్రమ్ము కట్టి జీవామృతం పారిస్తాం, పొలంలో ఎగిరెగిరి పడుతుంది. గోమూత్రంలో ఉప్పు ఉంటుంది, అమ్మోనియా ఉంటుంది. నేలకు మంచిదే, రాగి వైరుకు కాదు. జీవామృతం పని అయిన రోజు ట్రాక్టర్‌ను మంచినీళ్లతో కడగండి, టెర్మినళ్లు ఆరాక వ్యాజలీన్ పూయండి. దీన్ని ఏ ట్రాక్టర్ కంపెనీ పుస్తకంలోనూ నేను చూడలేదు.

మీ దగ్గర తప్పు ఎర్త్‌లో కాకుండా ఫ్లోట్ యూనిట్‌లోనే ఉంటే దాన్ని విప్పాలి. అంచు స్క్రూలు తీసి, మెల్లగా వంచి బయటికి లాగండి, చేతిని వంకర చేయకండి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి, లోపల డీజిల్ చప్పుడైతే చిల్లు పడినట్టు, అది మునిగిపోయి ఎప్పుడూ ఖాళీ చూపిస్తుంది. చేతిని కింది నుంచి పైదాకా నిదానంగా కదిపితే ఓమ్స్ కూడా నిదానంగా మారాలి. మధ్యలో ఎక్కడైనా గంతు వేస్తే పట్టీ అరిగింది, యూనిట్ ఒక్కటీ మార్చుకోండి. బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వేయండి, పాతది కారుతుంది.

"ముల్లు లేకుంటే ఏంది, అందాజాగా నడుపుతాం" అనేవాళ్లకు ఒక మాట. డీజిల్ ఇంజన్ ట్యాంకు ఖాళీ అయి ఆగిపోతే పెట్రోల్ బండిలా పోసి స్టార్ట్ చేసేది కాదు. లైనులో ఎయిర్ పడుతుంది. ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయేదాకా తీయాలి. ఉప్పల్ రోడ్డు మీద ఆకు ట్రాలీతో ఆ పని చేయడం ఎట్లుంటదో ఊహించుకోండి. పైగా రాత్రి ట్యాంకు ఖాళీగా వదిలితే లోపలి గాలిలో తేమ నీళ్లై డీజిల్‌లో దిగుతుంది. వీలైతే సాయంత్రమే నింపి పెట్టండి.

కొత్త ట్రాక్టర్లలో ముల్లుకు బదులు గీతలు వెలిగే బోర్డులు వస్తున్నాయి. వాటిలో వైరు తాకించే పరీక్ష చేయకండి, బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది. మల్టీమీటర్ పరీక్ష, కర్ర కొలత చాలు.

మా లాగ్ పుస్తకం ఇప్పుడు బాబాయి దగ్గరే ఉంటుంది. పొద్దున కర్ర గీత, సాయంత్రం కర్ర గీత, చేసిన పని, మూడు గళ్లు. ఏ పనికి ఎన్ని లీటర్లు పోతున్నాయో ఐదుగురికీ కనిపిస్తోంది. ఒక్క రోటవేటర్ పని తగ్గించి ఆచ్ఛాదన పెంచితే ఎంత మిగులుతుందో వానాకాలం అయ్యాక ఆ పుస్తకంలోంచే లెక్క తీసి చూపిస్తాను.

ఇంకొకటి, డీజిల్ కర్రను జీవామృతం కలిపే కర్ర పక్కన పెట్టకండి, చీకట్లో తారుమారైతే డ్రమ్ము మొత్తం పాడు. మా షెడ్డులో దానికి ఎర్ర రంగు పూసి వేరే మేకుకు తగిలించాం.